ఏడు చుక్కల తేలు

మా అన్న కొడుకు బెంగళూరు నుంచి వచ్చి గుడిబండలో బస్సు దిగేటప్పటికి ఎడమ ముంజేతికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. దాని కింద తేలు. మా అమ్మ ముంజేతి మీద అరవై ఏండ్లుగా ఉన్న తేలే. ఫోటో తీసుకుపోయి, అదే చేతికి, అదే చోట పొడిపించుకొచ్చాడు. అమ్మ చూసింది. ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి పోయి పసుపు డబ్బా, ఆముదం సీసా తెచ్చుకుని వాడి పక్కన కూర్చుంది.

"చెయ్యి ఇట్ల చాపు నాయనా."

"వద్దులేమ్మా" అన్నాను నేను. అన్న మరుక్షణమే మనసు చివుక్కుమంది. ఎనిమిదేండ్ల పిల్లగా అమ్మ ఏడుస్తూ కూర్చున్నప్పుడు వాళ్లమ్మ చేసిన వైద్యం అది. దాన్ని మనవడికి చేయబోతే కూతురు అడ్డం పడింది.

ఆ రోజుల్లో పచ్చబొట్లు పొడిచే ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. మాది కన్నడం, తెలుగు కలిసి మాట్లాడే సీమ కాబట్టి కొన్ని ఇళ్లలో పచ్చబొట్టును హచ్చె అనేవాళ్లు. దీపం మసి, దాన్ని కలపడానికి చనుబాలు, కట్టగా కట్టిన సూదులు. కూలి కింద చేటెడు గింజలో, పాత చీరో. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో కొరవ (ఎరుకల) స్త్రీలు పొడిచే ఈ బొట్ల గురించి రాశాడు. పొడిచిన చోట వాపు, నొప్పి తగ్గడానికి పసుపు, ఆముదం పూస్తారని కూడా రాశాడు. అంటే అమ్మ చేతిలో ఉన్నది కనీసం నూరేండ్ల పైబడిన మందు. దాన్ని తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు వద్దంటున్నానో ఆమెకు చెప్పి తీరాలనిపించింది.

పసుపు మీద నాకు గౌరవం తక్కువేం లేదు. పుండు మాన్పే గుణం మీద 1995లో అమెరికాలో ఎవరో పేటెంటు తీసుకుంటే, మన సి.ఎస్.ఐ.ఆర్. వాళ్లు పాత గ్రంథాలు తీసి చూపించి 1997లో దాన్ని రద్దు చేయించారు. మన అవ్వలకు తెలిసిందే మళ్లీ కొత్తగా కనిపెట్టలేరు కదా! కానీ డబ్బాలో ఉన్నది కూరల్లోకి పట్టించిన పొడి. మరలో ఎన్ని చేతులు దాటి వచ్చిందో. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. పచ్చి పుండు మీద పసుపు పూస్తే చర్మం ఎర్రబడుతున్నదా లేదా అన్నది కనబడదు. చీము పట్టబోతున్నదని మనకు ముందుగా చెప్పే గుర్తు ఆ ఎరుపే. దాన్ని కప్పేసుకుంటే ఇంకేం చూసుకుంటాం?

ఆముదం సంగతిలో మాత్రం అమ్మ లెక్క సరైనదే. పుండు ఎండిపోయి పెచ్చు కట్టడం కన్నా, పైన పొర ఉండి కొంచెం తేమగా ఉంటే తొందరగా మానుతుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లో పందుల మీద పరీక్షించి చూపించాడు. మా అనంతపురం సీమ పొడిగాలికి పెదవులే పగులుతాయి, సూదిపోట్ల సంగతి చెప్పాలా. ఆ పని చేసే పూత కావాలి, పల్చగా, వాసన లేనిది.

మరుసటి రోజు హిందూపురం పోయాను. మొదటి మందులంగడిలో, కొత్తగా పొడిపించుకున్న పచ్చబొట్టు అని చెప్పగానే ఒక ట్యూబు తీసి చేతిలో పెట్టారు. వెనక చదివితే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉన్నాయి. ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. మొటిమకూ గజ్జికీ తామరకూ అన్నిటికీ అదే రుద్దుకుని ముఖం చర్మం కాగితంలా పల్చబడిన ఆడపిల్లలను నేను ఎరుగుదును. ఆ ట్యూబును వెనక్కి ఇచ్చి వచ్చేశాను. నియోమైసిన్ ఉన్న పూతలూ వద్దనుకున్నాను, అది కొందరికి పడక దద్దుర్లు లేస్తాయి.

చివరికి సంచిలో పడ్డవి తక్కువే. వాసన, రంగు లేని మెత్తటి సబ్బు. చిన్న డబ్బా పెట్రోలియం జెల్లీ, మొదటి రెండు మూడు రోజులకు, అదీ మెరుపు కనబడేంత మాత్రమే. ఆ తరవాతికి నీళ్ల పాలు ఎక్కువ ఉన్న, వాసన లేని లోషన్. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ కొనలేదు. అవి క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మాన్నీ మండిస్తాయి. తుడవడానికి కొత్తగా ఏమీ అక్కర్లేదు. టర్కీ టవలు దారాలు పుండుకు తగులుకుంటాయి. మా నాయన పాత పంచె ఒకటి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ముక్కలు చేసి పెట్టాను. కాచి చల్లార్చిన నీళ్లతో రోజుకు రెండు సార్లు కడగడం, పంచె ముక్క అద్ది ఆరనివ్వడం, వేలి కొసతో పూత రాయడం. అంతకు ముందు చేతులు కడుక్కోవడం. ఈ చివరి మాట దగ్గరే నాకు పట్టుదల ఎక్కువ. డబ్బులన్నీ పూతలకు పోసి, చేతులు కడగకుండా పూసేవాళ్లే లోకంలో ఎక్కువ.

సూది సంగతి వాణ్ణి ముందే అడిగాను. మూసిన పొట్లం నా ముందే చింపినారు అత్తా అన్నాడు. అమ్మ కాలంలో వీధి పిల్లలందరికీ ఒకటే సూదుల కట్ట. కామెర్లు ఒకరి నెత్తురు నుంచి ఇంకొకరికి అట్లా పాకుతాయని అప్పుడు ఎవరికి తెలుసు? వాడు ఏటా రక్తం ఇచ్చేవాడు. ఇప్పుడు 12 నెలలు ఆగాలి, మన దేశపు నిబంధన అది.

అయిదో రోజుకు చర్మం పొట్టు రేగింది. నల్లటి పొరలు పొరలుగా. దురద. వాడి గోళ్లు మాటిమాటికీ అటే పోతున్నాయి. అప్పుడు అమ్మ నాకన్నా బాగా చెప్పింది.

"పురుగు జ్వరానికి పోయినప్పుడు ఏం చేస్తామప్పా మనం?"

మాకు మల్బరీ తోట ఉంది. పట్టుపురుగు నాలుగు మార్లు కుబుసం విడుస్తుంది, దాన్నే మేము జ్వరం అంటాం. తల పైకెత్తుకుని కదలకుండా ఉంటుంది. అప్పుడు ఆకు వేయం, సున్నప్పొడి చల్లి పడక పొడిగా ఉంచుతాం, కదిలించం. కుబుసం దానంతట అది విడవాలి. తొందరపడి ముట్టుకుంటే పురుగు పాడవుతుంది.

వాడు చెయ్యి తీసేశాడు. దురద పుట్టినప్పుడల్లా పైన మెల్లగా తట్టుకున్నాడు. పురుగుల షెడ్డులో బ్లీచింగ్ చల్లే పనికి వాణ్ణి పోనివ్వలేదు. చెరువు ఈతా మాన్పించాను. వదులుగా ఉన్న నిండుచేతుల నూలు చొక్కా తొడిగించాను. మానేదాకా ఎండ తగలకూడదు, మానినాక కూడా ఎండలోకి పోతే సన్‌స్క్రీన్ రాసుకోవాలి, లేకపోతే రంగు వెలిసిపోతుంది.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సూది పై చర్మాన్ని దాటి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల లోతున రంగు వదులుతుంది. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని శత్రువనుకుని మింగి, ఎటూ పోలేక అక్కడే ఉండిపోతాయి. అవి చచ్చిపోతే వదిలిన రంగును కొత్తగా వచ్చినవి మళ్లీ మింగుతాయి. ఎలుకల మీద ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2018లో చూపించారిది. అమ్మ చేతి మీది తేలును అరవై ఏండ్లుగా ఒక తరం కణాలు ఇంకో తరానికి అప్పజెబుతూ వచ్చాయన్నమాట.

మూడు వారాలకు వాడి చెయ్యి నున్నబడింది. అమ్మ తన చెయ్యి వాడి చెయ్యి పక్కన పెట్టుకుంది. వాడిది నల్లగా, గీతలు తెగినట్టు ఉంది. ఆమెది పచ్చబారి, అంచులు అలుక్కుపోయి, ముడతల్లో సగం దాక్కుంది. వేలితో రెండింటినీ తడిమి చూసింది.

"కొండిలో ఒక చుక్క తక్కువుంది కదప్పా."

"ఫోటోలో ఆరే ఉన్నాయవ్వా. కావాలంటే చూడు."

"కలిసిపోయింటాయిలే. ఏడు పొడిచింది. నేను ఏడుస్తా లెక్కపెట్టుకున్నా."