స్థూలకాయము – కండల తీరు

నాటుకోడిని కోసి వండిన యిల్లాలికి తెలియని సంగతి కాదు: దాని తొడమాంసము ఎర్రగను, రొమ్ముమాంసము తెల్లగను ఉండును. కోడి దినమంతయు నడచుచు నేల గోకుచుండును గనుక కాలికండలు అలుపెరుగక పని చేయవలెను. రెక్కలు మాత్రము కుక్క తరిమినప్పుడు గోడమీదికి ఎగురుటకే. దూరము ఎగురు పావురమునకు రొమ్ముమాంసమును ఎర్రనిదే. 1873లో రాన్వియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కుందేళ్ల కండలను పరీక్షించి, ఎర్రనివి మెల్లగను తెల్లనివి వడిగను ముడుచుకొనునని చూపెను.

సోదరీమణులారా, మన కండలలో ఈ రెండు రకముల తంతువులును కలగలిసి యున్నవి. మందగతి తంతువులు ప్రాణవాయువు సాయమున కొవ్వును దహించి గంటలకొలది పని చేయును. మనలను నిలువబెట్టు పిక్కలోని లోపలి కండలో ఇవియే మెండు. శీఘ్రగతి తంతువులు కండలో నిల్వయున్న చక్కెరను వాడుకొని, బిందె నెత్తికెత్తునప్పటి వంటి బలమునిచ్చి త్వరగా అలయును. ఎవరి కండలో ఏ రకమెంత యనునది కొంత పుట్టుకతోనే వచ్చును.

అమెరికాలోని ఉత్తర కరోలినా పరిశోధకులు, స్థూలకాయులగు స్త్రీలలో మందగతి తంతువుల పాలు సన్నని స్త్రీలకంటె తక్కువగ నున్నదనియు, పొట్టకు శస్త్రచికిత్స జరిగిన పిదప ఆ తంతువులు ఎక్కువగ గలవారే అధికముగ బరువు తగ్గిరనియు 2002లో ప్రకటించిరి. ఈ భేదము కనబడని పరిశోధనలును గలవు. కండ తీరు వలన లావు వచ్చునో, లావు వలన కండ మారునో యింకను తేలలేదు. అయినను లావైన ప్రతి ఆడుదానిని తిండిపోతనియు సోమరియనియు అనుట తగదని తెలియుటకు ఇంతమాత్రము చాలును.

మా తోడికోడలిది మెట్‌పల్లి. ఆమెకును ఈ మాటలు తప్పలేదు. వడ్డించుదానను నేను గనుక చెప్పుచున్నాను, ఆమె నాకంటె ఒక ముద్ద తక్కువగనే తినును. ఇక సోమరితనమందురా, పెండ్లికి ముందునుండియు దినమునకు వేయి బీడీలకు తక్కువ చుట్టి యెరుగదు.

తునికాకు కథయే విచిత్రమైనది. ఎండకాలమున ఆదిలాబాదు అడవులలో స్త్రీలు తెల్లవారకముందే బయలుదేరి, పొదపొదకు వంగి లేచుచు ఆకు కోసి, మూటలు మోసికొని వచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టుదురు. అట్టి ఆకే కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల యిండ్లకు చేరును. అచ్చట ఇల్లాలు చాట ఒడిలో పెట్టుకొని, కాళ్లు ముడుచుకొని, తడిపిన ఆకును కత్తిరించి పొగాకు నింపి దారము చుట్టును. కూలి వేయింటికి ఇంతయని గనుక లేచినచో నష్టము. ఆకు ఒక్కటే, దానికై ఒకతె కాళ్లరుగదీయును, ఇంకొకతె వ్రేళ్లరుగదీయును. (పొగాకు దుమ్ము చేయు చేటు వేరుగా వ్రాయదగినది.) కూర్చున్న మనిషి తొడలకును పిక్కలకును పనిలేదు. పనిలేని కండ చిక్కును. కొవ్వును దహించు శక్తియు తగ్గును. తిన్నది కొంచెమైనను నడుముచుట్టు నిలుచును. మన దేశపు స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు మించరాదని వైద్యుల లెక్క.

పుట్టుకతో వచ్చిన పాలు మార్చుట కష్టమే. కాని వడిగ నడచుట, మెట్లెక్కుట వంటి పనులు కొన్ని వారములు విడువక చేసినచో, ఏ రకపు తంతువైనను కొవ్వును దహించుట కొంత నేర్చుకొనును. వయసు మీరినకొలది ముందుగా చిక్కునవి శీఘ్రగతి తంతువులు గనుక, నలుబది దాటినవారు బరువులెత్తు పని బొత్తిగా మానరాదు. కోడలు వచ్చినదని నీళ్లబిందె సయితము ముట్టని అత్తగార్లు ఇది గమనింతురు గాక!

ఈ సంగతులు చదివిన నాటినుండి మా తోడికోడలిని నాలుగు కట్టలకొకమారు లేపుచున్నాను. మేడమెట్లు రెండుమారులు ఎక్కి దిగి వచ్చి మరల చాట ముందు కూర్చుండును. నడుము కొలత ఇంకను తగ్గలేదు కాని ఆయాసము తగ్గినది. బీడీలు మాత్రము దినమునకు ఒక యాభై తగ్గుచున్నవి. వానిని సాయంకాలము నేను చుట్టి కలుపుచున్నాను.