మా పాత కారు క్లచ్చు

2006వ సంవత్సరము వేసవి సెలవులలో మా యింటికి వచ్చిన బంధువులకు అరకులోయ చూపింపవలెనని నాయనగారు సంకల్పించిరి. అప్పుడు మేము విజయనగరమున నివసించుచుంటిమి. మాకు 1986లో తయారైన అంబాసిడరు కారొకటి యుండెడిది. నాయనగారు దానిని మరియొకరి యొద్ద కొని పదునొకండేండ్లయ్యెను. అది పెట్రోలు బండి. యింజను 1489 ఘనపు సెంటీమీటర్లది. గేరు కడ్డీ నేల మీద గాక స్టీరింగు ప్రక్కనే యుండును. ఈ బండ్ల తయారీ 2014లో నిలిచిపోయినది గనుక నేటి విద్యార్థులలో పలువురు దానిని నడుపగా చూచియుండరు. అందుచేత నింత వ్రాయవలసి వచ్చినది.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వఱకు బండి చక్కగానే నడచెను. అటుపై అనంతగిరి ఘాటు మొదలు. రెండుమూడు మలుపులు తిరిగిన పిమ్మట యింజను ఒక్కసారిగా గట్టిగా అఱచినది. బండి మాత్రము ముందుకు సాగలేదు. డ్రైవరు యాక్సిలరేటరు త్రొక్కిన కొలదియు మ్రోత పెరుగుచున్నదే గాని వేగము పెరుగుట లేదు. ఇంతలో కాలిన వాసన బయలుదేరెను. మా పిన్నిగారు తమ చీరచెంగే యెక్కడనో అంటుకొన్నదని కంగారుపడి లేవబోయి తల పైకప్పునకు కొట్టుకొనిరి. డ్రైవరు బండిని ప్రక్కకు తీసి, చక్రముల వెనుక రాళ్లు పెట్టి, "క్లచ్చు జారుచున్నదండీ. ఇంకను ఎక్కించినచో దారిలోనే నిలిచిపోవును" అని చెప్పెను.

అరకు ప్రయాణ మంతటితో సరి. బంధువులు బొడ్డవరలో బస్సెక్కిరి. మేము మెల్లగా వెనుకకు వచ్చితిమి. ఆ దారి పొడుగునను నాయనగారు డ్రైవరును నిందించుచునే యుండిరి. "నీ చేతిలోని బండి నీకు తెలియకుండ చెడునా? ఖర్చు నీ జీతములో విరుగగోయుదును" అనిరి. అతడు పదునొకండేండ్లుగా మా యొద్ద పనిచేయుచున్నవాడు. నేనతనిని బాబాయి యని పిలిచెడివాడను. అతడు మారుమాట పలుకలేదు. నేను వెనుక సీటులో కిటికీ వైపు చూచుచు గూర్చుంటిని.

మఱునాడు నాయనగారికి ఆఫీసు పని యుండుటచే నన్ను బాబాయితో కూడ షెడ్డునకు పంపిరి. అక్కడి మేస్త్రీ వృద్ధుడు, మితభాషి. బండిని చూడగనే విప్పుటకు పూనుకొనలేదు. ముందుగా చేతిబ్రేకు బిగించి, చక్రములకు దిమ్మెలు పెట్టించి, యింజనును కొంచెము వడిగా నడపి, నాలుగవ గేరులో వేసి క్లచ్చు పెడలును విడిచెను. క్లచ్చు బాగున్నచో యింజను వణకి ఆగిపోవలెను. మాది ఆగలేదు, ఏమియు జరుగనట్లే తిరుగుచుండెను. "జారుచున్న మాట నిజమే" అని వెంటనే ఆపివేసెను. ఈ పరీక్ష రెండవసారి చేయరాదట. చేసిన ప్రతిసారియు మిగిలిన ప్లేటు కాలును.

చదువరులకు క్లచ్చు సంగతి కొంత చెప్పక తప్పదు. యింజను చివర ఫ్లైవీలను బరువైన యినుప చక్రము తిరుగుచుండును. దాని కానుకొని, రెండు ముఖముల లైనింగు తాపిన క్లచ్చు ప్లేటుండును. ఇది గేరుబాక్సు షాఫ్టును త్రిప్పును. ప్రెజరు ప్లేటు తన స్ప్రింగుల బలముచే క్లచ్చు ప్లేటును ఫ్లైవీలునకు అదిమి పట్టును. పెడలు త్రొక్కినప్పుడు రిలీజు బేరింగు ముందుకు వచ్చి ఆ స్ప్రింగుల పట్టు సడలించును. ఇంతకంటె మర్మమేమియు లేదు. మన పాఠశాలలో నేను ఘర్షణ పాఠము చదివి పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొంటిని. కాని ఇంత బరువైన బండి కొండ యెక్కుట ఆ ఘర్షణ మీదనే ఆధారపడియున్నదని నాకు తోచనేలేదు.

మేస్త్రీ చవుకైన కారణమునే మొదట వెదకెను. పెడలును చేతితో నొక్కి చూచెను. బరువు తగులుటకు ముందు సుమారొక అంగుళము, అనగా 25 మిల్లీమీటర్లు, వదులుగా పోవలెను. మా పెడలున ఆ వదులు బొత్తిగా లేదు. లైనింగు అరిగిన కొలదియు ప్రెజరు ప్లేటు ఫ్లైవీలు వైపునకు జరుగును; అందుచే దాని మీటల లోపలి కొనలు వెనుకకు, బేరింగు మీదికి వచ్చును. అప్పటికప్పుడు కడ్డీ నట్టు త్రిప్పి వదులీయనిచో, పెడలు త్రొక్కకున్నను సగము త్రొక్కినట్లే యుండును. మేస్త్రీ బండి క్రిందికి దూరి ఆ నట్టు సడలించి మరల చూచెను. ఫలితము లేకపోయెను. గేరుబాక్సు ముందరి గుల్ల అడుగున నుండు చిన్న రంధ్రములో వ్రేలు పెట్టి చూచెను, పొడిగా నుండెను. కాబట్టి నూనె కారి లైనింగునకు పట్టలేదు. "ఇక దింపవలసినదే" అనెను.

ఆ పనికి దినమంతయు పట్టినది. బ్యాటరీ తీగ విప్పిరి. ప్రొపెల్లరు షాఫ్టు మరల అదే స్థానమున కూర్చుండునట్లు ఆకురాయితో గుర్తు గీసి ఊడదీసిరి. యింజను వెనుక భాగము క్రింద కొయ్యదిమ్మె నుంచి జాకీతో ఆపిరి. గేరుబాక్సును దింపునప్పుడు మాత్రము మేస్త్రీ తానే పట్టుకొనెను. దాని బరువు క్షణమైనను షాఫ్టుపై వ్రేలాడరాదు. మూత తీయగనే నల్లని పొడి రాలెను. కుఱ్ఱవాడు గాలిగొట్టముతో ఊదబోగా మేస్త్రీ కసరి తడిగుడ్డతో తుడిపించెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు కలిసియుండుట కద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

ప్లేటు చేతికి వచ్చినది. క్రొత్తదానిలో లైనింగు లోపలికి మునిగియుండవలసిన రివెట్ల తలలు మాదానిలో పైకి తేలి, ఫ్లైవీలుపై వలయములుగా గీతలు గీసియుండెను. వేడికి అక్కడక్కడ నీలిమచ్చలు పడియుండెను. ఇంతవఱకు వయసు మీరిన బండి కథయే యనుకొనవచ్చును. కాని మేస్త్రీ రిలీజు బేరింగును తీసి వెలుతురున త్రిప్పి చూచెను. ఆ బండ్లలో దానికొక బొగ్గు ఉంగరముండును. త్రొక్కినప్పుడు మాత్రమే అది రాపిడికి లోనగును. మాది దాదాపు యినుప గిన్నె అంచుదాక అరిగిపోయెను.

"ఇది గేరు మార్చుటకు త్రొక్కిన అరుగుదల గాదు. ఈ బండి నడపువారు ఎడమకాలు ఎక్కడ పెట్టుకొందురు?" అని మేస్త్రీ యడిగెను.

బాబాయి నేల చూచెను. ఆ సంవత్సరమంతయు ప్రతి యుదయమును అతడు ప్రక్కన కూర్చుండగా బండి నడపినది నేను. నా పాదము పెడలు మీదనే విశ్రమించుచుండెడిది. "బాబూ, కాలు క్రింద పెట్టు" అని అతడు రెండుమారులు చెప్పెను. నేను నవ్వి ఊరకుంటిని. ఘాటులో నాయనగారు జీతము మాట యెత్తినప్పుడును అతడా సంగతి చెప్పలేదు. మేస్త్రీకిని చెప్పుట లేదు.

"నేనండీ," అంటిని. మేస్త్రీ తల యూపి మరల పనిలో పడెను.

నాయనగారితో చెప్పుట అంత సులభము గాలేదు. రాత్రి భోజనమైన పిదప చెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. నన్ను కోపించినచో బాగుండుననిపించినది. "అతనితో చెప్పితివా?" అని మాత్రమడిగిరి. లేదంటిని.

మఱునాడు వారే షెడ్డునకు వచ్చిరి. అప్పటికి ఫ్లైవీలు లేతు మీద సన్నగా చెక్కించి తెచ్చియుండిరి. స్ప్రింగులు వేడికి సడలుటచే ప్రెజరు ప్లేటును, దానితో క్లచ్చు ప్లేటును, బేరింగును క్రొత్తవి వేయుచుండిరి. ప్లేటు నట్టనడుమ నిలుచుటకై ఒక పాత గేరుబాక్సు షాఫ్టును దూర్చి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించుచుండిరి. నాయనగారు బాబాయిని ప్రక్కకు పిలిచి యేదో చెప్పిరి. నాకు వినబడలేదు. పిదప బిల్లు తామే చెల్లించిరి. ఆ నెల జీతము యథాప్రకారముగా నిచ్చిరి.

నేను బాబాయికి చెప్పవలసినది ఆ సాయంకాలము బండి తుడుచునప్పుడు చెప్పితిని. అతడు గుడ్డ పిండుచు, "ఆదివారము ఘాటు దాక పోవుదము బాబూ, క్రొత్త ప్లేటు చూడవలెను గదా" అనెను.

ఆదివారము బొడ్డవర దాటగనే బండి నా చేతి కిచ్చెను. మొన్న ఆగిన మలుపు వచ్చినది. మూడవ గేరు నుండి రెండవదానికి మార్చితిని. యింజను మ్రోతతోపాటు బండియు ముందుకు సాగెను. బాబాయి ఒకసారి వంగి నా యెడమపాదము వైపు చూచి, మరల సీటున కానుకొని, కిటికీ అద్దము దింపుకొనెను.