వెచ్చగా ఉన్న ప్రతి నిప్పూ మంచిది కాదు



ఆదిలాబాద్ వైపు గూడేలకు చలికాలపు కూటాలకు వెళ్లే మన సోదరులు "ఈసారి గుడారంలోకి ఏ పొయ్యి కొందాం?" అని అడుగుతున్నారు. కరీంనగర్ చలి వేరు, గిన్నెధరి చలి వేరు. అక్కడ కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంది. మనతో ముసలివాళ్లూ చంటిపిల్లలూ పడుకుంటారు గనుక కాస్త వివరంగా రాస్తున్నాము.

ఒకప్పుడు ఆ అడవుల్లో గుడారాలు వేటగాళ్లవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కట్టడి వచ్చింది. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. మనం ఊరి చేలల్లోనే, రైతును అడిగి గుడారం వేస్తాము. కట్టెలకు అడవిలోకి పోము. రాజేయడానికి పత్తికట్టె, నిలవడానికి ఎండిన తుమ్మ ఊళ్లోనే దొరుకుతాయి.

బొగ్గుల కుంపటి మాత్రం గుడారంలోకి వద్దు. పొగ రాదు కదా అని చాలామంది దాన్నే నమ్ముతారు. కట్టెపొగ అయితే కళ్లు మండిస్తుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాడికి అవీ తెలియవు.

కొనేదైతే గొట్టమున్న ఇనుప పొయ్యి కొనండి. వెల్డింగ్ షాపులో చేయించినా సరే. మరీ పలుచని రేకు మోయడానికి తేలిక, కానీ వేడికి వంకర పోతుంది. జింకు పూత ఉన్న రేకు వద్దు, కాలితే దాని పొగ చెడ్డది. తలుపు బిగువుగా పడాలి, గాలి రంధ్రం తెరిచి మూసేలా ఉండాలి. గొట్టం గుడారం కొప్పు దాటి పైకి పోవాలి, మూతికి నిప్పురవ్వలు ఆపే జాలీ ఉండాలి. గొట్టం వచ్చే చోట గుడ్డకు వెడల్పాటి రేకు బిగించాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ కరుగుతుంది. మందపు నూలు గుడారమే దీనికి తగినది. కొత్త పొయ్యిని ముందు ఆరుబయట ఒకసారి బాగా మండించండి.

గొట్టం ఉన్నా గుడారాన్ని పూర్తిగా మూయకండి. కింద ఒకచోట, పైన ఒకచోట గాలికి దారి ఉంచండి. రాత్రంతా నిలవాలని గాలి రంధ్రం బిగిస్తే కట్టె సగమే కాలి విషవాయువు పెరుగుతుంది. పడుకునే ముందు నిప్పు ఆర్పి, గొంగళ్లు కప్పుకోవడమే మేలు. ఎవరికైనా తల తిరిగితే అందరినీ వెంటనే బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

యోహాను సువార్తలో రెండు నిప్పులున్నాయి. ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకుంటూనే పేతురు తన ప్రభువును ఎరుగనన్నాడు. తరువాత సముద్రపు ఒడ్డున, తడిసి వచ్చిన అదే పేతురు కోసం ప్రభువు నిప్పులు సిద్ధం చేసి ఉంచాడు. చలి కాచుకునేవాడికి రెండూ వెచ్చనివే. ఒకటి అతణ్ణి పడగొట్టింది, ఒకటి అతనికి అన్నం పెట్టింది. మనమూ వెచ్చదనం ఒక్కటే చూసి నిప్పు దగ్గర కూర్చోవద్దు, పొయ్యి విషయంలోనైనా, స్నేహం విషయంలోనైనా.

గుడారంలో అందరికన్నా చివర పడుకునే సోదరుడు నిప్పు ఆరిందో లేదో చూసి పడుకోవాలి. అదీ పరిచర్యే.