ఒకటి కొంటే రెండొచ్చాయి

మా అమ్మ మిక్సీ సరిగ్గా బతుకమ్మకి వారం ముందు పాడైంది. సద్దుల బతుకమ్మ అంటే ఏంటో మా వరంగల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: నువ్వుల పొడి, పల్లీల పొడి, కొబ్బరి పొడి, మలీద... ఇవన్నీ రోట్లో అయినా దంచాలి, మిక్సీలో అయినా వెయ్యాలి. "రోలున్నది గదా" అని మా బాపు అననైతే అన్నాడు గానీ, అమ్మ చూసిన చూపుకి మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు హన్మకొండలో ఇల్లు. ఓ గురువారం రాత్రి పదకొండింటికి, దసరా సేల్ అని ఊదరగొడుతున్న ఒక ఆన్‌లైన్ షాపులో 4,299 రూపాయలకి మిక్సీ ఆర్డర్ పెట్టేశాను. డబ్బులు కూడా ముందే కట్టేశాను. "చౌరస్తాల కొంటే కండ్లతోని చూసి తెచ్చుకుందుము గదరా" అని బాపు ఫోన్లో అన్నాడు. వింటే ఈ కథే లేదు.

శనివారం రావాలి, రాలేదు. ఆదివారం పొద్దున మెసేజీ: మీ పార్సెల్ దారిలో పోయింది, చింతించకండి, ఇంకోటి పంపిస్తున్నాం. బాగానే ఉందనుకున్నా. మంగళవారం మిక్సీ వచ్చింది, అమ్మ ఆ సాయంత్రమే పల్లీలు పట్టేసింది. బుధవారం మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా ఫోను. "నిన్ననే వచ్చె గదరా, మల్లొకటి పంపినవేంది?"

పోయిందనుకున్న మొదటి డబ్బా అది. కాజీపేట రూటు కుర్రాడి సరుకులో కలిసిపోయిందట. మా ఏరియాకి వచ్చే కుర్రాడు అది చూసి, పేరు మాదే కదా అని తెచ్చి ఇచ్చేశాడు. అతని ఫోన్లో స్కాన్ కాలేదు. లిస్టులో లేదు మరి. "ఏమైతదమ్మా, మీదే గదా, ఉంచుండ్రి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా బాపు గురించి కొంచెం చెప్పాలి. ఆయన ఆజంజాహి మిల్లులో గోదాము గుమాస్తా. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు, 2002లో మూతపడేదాకా అందులోనే ఉన్నాడు. మిల్లు పోయింది గానీ గోదాము మాత్రం మా ఇంట్లోనే ఉంది :-) గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, బియ్యం బస్తా తెరిచిన తేదీ, అన్నీ నోటుబుక్కులో ఉంటాయి. ఈ డబ్బా రాగానే దాని మీద నంబరు, వచ్చిన తేదీ, టైము రాసి, చీటీ అంటించి, మంచం కిందకి తోసేశాడు. ఎవ్వరూ విప్పొద్దన్నాడు.

ఆ శనివారం నేను ఇంటికెళ్ళి చేసిన మొదటి పని ఏంటో తెలుసా? "అమ్మా, చెల్లెకి ఇచ్చెయ్, దసరాకి పెట్టినట్టు ఉంటది" అన్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు, అన్నది నేనే. వేల కోట్ల కంపెనీకి నాలుగు వేల మిక్సీ ఒక లెక్కా? పైగా తప్పు వాళ్ళది. పక్కింటి చిన్నమ్మ కూడా నన్నే సమర్థించింది. బాపు ఒక్కడే అడ్డం తిరిగాడు. "గోదాముల సరుకు తక్కువొస్తె లారోన్ని అడుగుతం. ఎక్కువొస్తె మనల్ని అడుగుతరు. రెండు లెక్కలు తప్పినట్టే" అన్నాడు. అమ్మ ఎటూ తేల్చలేదు, కానీ డబ్బా మంచం కిందే ఉండిపోయింది.

నా మనశ్శాంతి కోసం యాప్‌లో ఒకసారి చూశాను. సమస్య ఎంచుకోమంటుంది: సరుకు రాలేదు, తక్కువ వచ్చింది, పగిలి వచ్చింది, వేరేది వచ్చింది, నచ్చలేదు. 'ఎక్కువ వచ్చింది' అనేది లేదు. చాట్‌లో ఆ మరబొమ్మకి విషయమంతా రాస్తే "మీ ఆర్డర్ విజయవంతంగా డెలివర్ అయింది, సంతోషమేనా?" అంది. ఇంక నా ధర్మం అయిపోయింది అనుకుని ఊరుకున్నా.

పది రోజులకి ఆ కుర్రాడే వచ్చాడు. బండి గేటు బయటే ఆపి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "అన్నా, గా డబ్బా ఉన్నదా? ఇప్పిండ్రా?" అన్నాడు. విషయం ఏంటంటే, శనివారం ఆ డబ్బా అతని పేరు మీద ఎక్కింది, సాయంత్రానికి లెక్కలో లేదు. కాబట్టి సిస్టంలో అది అతను పోగొట్టినట్టు. బుధవారం దొరికి మా ఇంట్లో ఇచ్చాడు గానీ స్కాన్ కాలేదు కాబట్టి ఆ సంగతి సిస్టంకి తెలీదు. 4,299 రూపాయలు రెండు విడతలుగా కోస్తామన్నారట. మొదటి విడత అప్పటికే కోసేశారు.

నేను ఆ 'వేల కోట్ల కంపెనీ' మాట చిన్నమ్మ ముందర ఎంత ధీమాగా అన్నానో గుర్తొచ్చింది. బాపు నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

డబ్బా తీసుకుపోయి ఇచ్చేస్తే అయిపోతుందిగా అనుకుంటాం. ఇద్దరం బండి మీద వాళ్ళ హబ్‌కి వెళ్ళాం. అక్కడి సూపర్‌వైజరు మంచివాడే, కానీ స్కానర్ పెడితే ఎర్ర గీత. "ఈ నంబరు క్లోజ్ అయింది సార్, లాస్ట్ అని. లాస్ట్ అయినదాన్ని లోపలికి తీస్కునే ఆప్షన్ లేదు" అన్నాడు. డబ్బా అతని బల్ల మీదే ఉంది. దాన్ని చేత్తో పక్కకి జరిపి మరీ అది పోయిందని చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నిజానికి నాకు నవ్వే అర్హత లేదు. కొన్నేళ్ళ కిందట నేను రాసిన ఒక సర్వీసు, అవతలి నుంచి జవాబు ఆలస్యమైతే అదే రిక్వెస్టు మళ్ళీ పంపేది. మొదటిది నిజంగా ఫెయిలైందా, లేక జవాబు మాత్రమే రాలేదా అని చూసేది కాదు. ప్రతి రిక్వెస్టుకి ఒక గుర్తు పెట్టి, రెండోసారి అదే గుర్తుతో వస్తే వదిలెయ్యాలనేది మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలిసిన పాఠం. ఒక రాత్రంతా జనాలకి ఒక్కో బిల్లు రెండేసి సార్లు వెళ్ళింది. 'రాలేదు' అనేదానికీ 'వచ్చినట్టు నాకు తెలీదు' అనేదానికీ మధ్య తేడా మన కోడ్‌లో ఉండదు. ఈ మిక్సీ విషయంలో జరిగిందీ అదే.

ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను. డాలస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే "మా దగ్గరైతే అది నీదేరా, గిఫ్టు కింద లెక్క" అన్నాడు. సగం నిజం. అమెరికాలో 1970లో ఒక చట్టం వచ్చింది. అడగని సరుకు పోస్టులో పంపి, తర్వాత బిల్లు పంపి బెదిరించే వ్యాపారుల ఆట కట్టించడానికి, అలా వచ్చినదాన్ని కానుకగా ఉంచుకోవచ్చు అన్నారు. బ్రిటన్‌లో 1971లో అలాంటిదే ఇంకోటి. ఆ రెండూ కావాలని అంటగట్టేవాళ్ళ కోసం పుట్టినవి. నువ్వు ఆర్డర్ పెట్టిందే పొరపాటున రెండుసార్లు వస్తే అవి వర్తిస్తాయా అనేది అక్కడ కూడా వాదనే.

మనకి మాత్రం జవాబు 1872 నుంచే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్: పొరపాటున ఇచ్చిన డబ్బుగానీ, వస్తువుగానీ పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. దాని కింద ఇచ్చిన ఉదాహరణ చూస్తే ఆశ్చర్యమేసింది. ఇద్దరు కలిసి మూడోవాడికి వంద రూపాయలు బాకీ. ఒకడు కట్టేశాడు. ఆ సంగతి తెలీక రెండోవాడు కూడా వంద కట్టాడు. ఆ రెండో వంద వెనక్కి ఇచ్చెయ్యాలి. రిట్రై బగ్‌ని అప్పుడే రాసిపెట్టారు చూశారా!

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఇంకొంచెం వివరంగా చెప్తుంది. అడిగినదానికంటే ఎక్కువ పంపితే, అడిగినంత ఉంచుకుని మిగతాది వద్దనొచ్చు, లేదా మొత్తం వద్దనొచ్చు. మొత్తం ఉంచుకుంటే మాత్రం ఒప్పుకున్న ధర ప్రకారం డబ్బు కట్టాలి. ఇది 37వ సెక్షన్. మనకి పనికొచ్చేది 43వది: వద్దన్న సరుకుని మోసుకెళ్ళి తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత కొన్నవాడికి లేదు, వద్దని తెలియజేస్తే చాలు. అంటే నేను ఎండలో హబ్‌కి మోసుకెళ్ళడం చట్టం అడిగింది కాదు. రాతపూర్వకంగా చెప్పడం, వాళ్ళొచ్చేదాకా జాగ్రత్తగా ఉంచడం, అంతే. మా బాపు చీటీ అంటించి మంచం కింద పెట్టినప్పుడు చేసింది దాదాపు అదే. ఆయన ఈ చట్టాలేవీ చదవలేదు.

ఇంకా ముందుకెళ్తే భారతీయ న్యాయ సంహిత 314. పాత ఐపీసీలో 403. నీది కాదని తెలిసాక కూడా దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే నేరం. మిక్సీ కోసం పోలీసులొస్తారా అంటే రారు. కానీ డబ్బు విషయంలో వచ్చారు, అదీ మన తెలంగాణలోనే. 2022 ఏప్రిల్‌లో దళితబంధు సొమ్ము ఒక బ్యాంకు పొరపాటు వల్ల హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఉద్యోగులు 15 మంది ఖాతాల్లో పడింది. తలా 10 లక్షలు. బ్యాంకు అడగ్గానే 14 మంది ఇచ్చేశారు. మిగిలిన ఒకాయన అది కేంద్రం ఏదో పథకం కింద వేసిన డబ్బనుకుని అప్పులు కట్టేశానన్నాడు. కేసు పెట్టారు. నాకైతే ఆయన మీద జాలే కలిగింది. ఏ పథకం డబ్బు ఎప్పుడు ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పని చోట ఆ మాట నమ్మడం అంత వింతేమీ కాదు. అయినా కేసు కేసే.

సరే, మళ్ళీ మన డబ్బా దగ్గరికి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి ఆన్‌లైన్ షాపుకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. పేరు, ఫోను, మెయిలు సైట్లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. సైట్లో అట్టడుగున, చీమ తలంత అక్షరాల్లో దొరికింది. మెయిల్ రాశాను. ఆర్డర్ నంబరు, రెండు డబ్బాల మీది నంబర్లు, బాపు చీటీ ఫోటో, ఆయన నోటుబుక్కు పేజీ ఫోటో. రెండోది మేం స్వీకరించట్లేదు, వచ్చి తీసుకెళ్ళండి అన్నాను. చివర ఇంకో పేరా: ఈ డబ్బా ఫలానా తేదీన మీ డెలివరీ మనిషే మాకు అందించాడు, అది పోలేదు, కాబట్టి దాని పేరు మీద అతని దగ్గర కోసింది తిరిగి ఇవ్వండి.

48 గంటల్లోపే జవాబొచ్చింది, ఒప్పుకోవాలి. ఆ జవాబులో నా మొదటి పేరా గురించే ఉంది. కోత గురించి అడిగితే, అతను మా ఉద్యోగి కాడు, డెలివరీ పార్ట్‌నర్, అది లాజిస్టిక్స్ కంపెనీ వ్యవహారం అన్నారు. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా సరుకు పోయిందని జీతం కొయ్యకూడదని 1936లోనే వేతన చట్టంలో రాశారు. ఉద్యోగి అయితే కదా ఆ గొడవ! పార్ట్‌నర్ అనే మాట ఎంత తెలివిగా పెట్టారో. లాభాల్లో వాటా ఉండదు, పోయిన మిక్సీలో మాత్రం పూర్తి వాటా. నేను కాగితం మీద ఇంకో ఉత్తరం రాసి, బాపు సంతకం కూడా పెట్టించి అతనికిచ్చాను. హబ్‌లో చూపించుకుంటానన్నాడు. రెండో విడత కొయ్యకుండా ఆపారు. మొదటిది ఇంకా రాలేదు.

మూడు వారాలకి డబ్బా తీసుకెళ్ళడానికి మనిషొచ్చాడు, వేరే అతను. బాపు రసీదు లేనిదే ఇవ్వనన్నాడు. అతను ఫోన్లో స్కాన్ చేసి, కారణం ఏం పెట్టమంటారని అడిగాడు. లిస్టు మళ్ళీ అదే. పగిలింది, వేరేది, నచ్చలేదు... చివరికి అతనే 'నచ్చలేదు' అని నొక్కేసి రసీదు పంపాడు. అమ్మకి ఇది నచ్చలేదు. "మంచిగనే ఉన్నది గదా మిక్సి, నచ్చలేదని ఎందుకు పెట్టిండు?" అంది.

నాలుగో రోజు నా ఫోను మోగింది. మీరు తిరిగి పంపిన సరుకు అందింది, 4,299 రూపాయలు మీ ఖాతాలో జమ చేశాం.

అవును. సరుకు వెనక్కొస్తే డబ్బు వెనక్కెళ్ళాలి అని ఎవరో నాలాంటివాడు రాసిన కోడ్. ఇప్పుడు అమ్మ వంటింట్లో మిక్సీ ఉంది, నా ఖాతాలో దాని డబ్బూ ఉంది. మళ్ళీ 72వ సెక్షనే, ఈసారి వస్తువు కాదు, డబ్బు. 2023 నవంబర్ గుర్తొచ్చింది. యూకో బ్యాంకులో ఐఎంపీఎస్ తేడా కొట్టి, పంపినవాళ్ళ ఖాతాల్లోంచి పోకుండానే 41,000 మందికి పైగా ఖాతాల్లో మొత్తం 820 కోట్లు పడ్డాయి. బ్యాంకు కొద్దిరోజుల్లోనే 649 కోట్లు వెనక్కి లాక్కుంది. మిగతాదాని కోసం 2024 మార్చిలో రాజస్థాన్, మహారాష్ట్రల్లో సీబీఐ సోదాలు జరిగాయి. నిందితుల్లో ఇద్దరు సపోర్టు ఇంజినీర్ల పేర్లు కూడా చేర్చారు. ఆ వార్త చదివిన రోజు మా టీములో ఎవరూ టీకి లేవలేదు.

చెల్లెకి ఫోన్లో ఈ సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. "అన్నా, నువ్వు గీ జన్మల నాకు మిక్సి ఇయ్యవు" అంది. బాపు నోటుబుక్కులో కొత్త వరుస గీసి, 4,299, వచ్చిన తేదీ, 'మనది కాదు' అని రాసుకున్నాడు. నేను అదే ఫిర్యాదుల అధికారికి రెండో మెయిల్ పంపాను. డబ్బు ఎక్కడికి తిప్పి పంపాలో చెప్పండి, వీలైతే ఆ కుర్రాడికి కోసిన విడత ముందు ఇచ్చి మిగతాది చెప్పండి అన్నాను. అలా కుదరదని నాకూ తెలుసు.

నిన్న రాత్రి పంపాను. 48 గంటలు రేపు రాత్రికి.