సాగరమధ్యాన అబర్డీన్ బజారు

మన తూర్పు తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతపు ఆవలి అంచున అండమాన్ నికోబార్ ద్వీపసముదాయం ఉన్నది. దాని ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని నామకరణం జరిగింది. పట్టణం పేరు మారినను, నడిబొడ్డున ఉన్న అంగడివీధిని జనులు నేటికీ అబర్డీన్ బజారనే వ్యవహరిస్తున్నారు. అది స్కాట్లాండులోని ఒక రేవు పట్టణం పేరు. చుట్టుపట్ల ఉన్న హాడో, ఫీనిక్స్ బే మొదలగునవి కూడ దొరల కాలపు పేర్లే. ఇక్కడి ఆదివాసులు ఈ నేలను ఏమని పిలిచేవారో తెలిపే నామఫలకం మాత్రం నాకు కానరాలేదు.

బజారు నడుమ గడియారస్తంభం ఉన్నది. మన దేశపు ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. అబర్డీన్ బజారు దాదాపు 92¾ డిగ్రీల వద్ద ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క కడితే, ఇక్కడి సూర్యుడు గడియారం కంటె సుమారు 41 నిమిషాలు ముందుంటాడు. శీతకాలంలో సాయంత్రం ఐదు గంటలకే దీపాలు వెలుగుతాయి.

బర్మాలోని అరకాన్ పర్వతశ్రేణి సముద్రంలో మునిగి, మరల తలయెత్తిన శిఖరాలే ఈ దీవులు. అందుచేత బజారులో సమతలం అరుదు, వీధులన్నీ ఎగుడుదిగుడులే. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసినను వేసవిలో నీటికి కటకట తప్పదు. భూభాగం ఇరుకు, వాలు ఎక్కువ. కురిసిన నీరు నిలువక త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. పట్టణానికి ప్రధానాధారం ధనికారి జలాశయం. ఉల్లిపాయలు, పప్పుదినుసులు, సిమెంటు వంటివి చెన్నై, కోల్‌కతాల నుండి ఓడలలో రావలసినవే. ఓడ ఆలస్యమైతే ఆ సంగతి మొదట తెలిసేది గృహిణులకే.

ఈ నేల నిలకడ కూడ అంతంత మాత్రమే. భారత ఫలకం తూర్పున ఉన్న ఫలకం క్రిందికి చొచ్చుకొనిపోతున్న చోటిది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో పట్టణ ప్రాంతం సుమారు ఒక మీటరు క్రుంగింది. ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది. సిప్పిఘాట్ వద్ద పంటపొలాలు ఉప్పునీటి పాలైనవి. పునాది తీసే ప్రతి ఇంజనీరూ జ్ఞప్తి యందుంచుకొనవలసిన పాఠమిది.

ఇక చరిత్ర. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో స్థాపించిన తొలి వలస 1796లో మూతపడింది. 1857 తిరుగుబాటు అనంతరం, 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఖైదీల చేత అడవి నరికించారు. ఆ అడవి గ్రేట్ అండమానీయుల జీవనాధారం. 1859 మే నెలలో వారు విల్లంబులతో అబర్డీన్‌పై దండెత్తారు. ఖైదు నుండి పారిపోయి ఏడాదిపాటు వారి ఆశ్రయంలో ఉన్న దూధనాథ్ తివారీ తిరిగి వచ్చి, ముందుగా ఆ వార్త అందించాడు. తుపాకుల ముందు బాణాలు నిలువలేదు. ఒకవైపు స్వదేశం కోసం పోరాడి సంకెళ్ళతో వచ్చినవారు, మరొకవైపు స్వస్థలం కోసం పోరాడినవారు. ఇరువురినీ ఎదురెదురుగా నిలిపినది పరాయి ప్రభుత్వం. ఆనాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు తట్టు వంటి అంటువ్యాధులకు బలియై, నేడు ఏభై అరవై మంది మాత్రమే మిగిలారు.

బజారు నుండి నడిచిపోదగిన దూరంలో సెల్యులర్ జైలు ఉన్నది. 1896లో ఆరంభమైన కట్టడం 1906లో పూర్తయింది. నడుమ గోపురం, చుట్టూ ఏడు బారులు. ఒక బారు ముఖం మరొక బారు వీపును చూచేలా అమర్చారు. ఖైదీకి తోటి ఖైదీ ముఖం కానరాకుండుటే ఆ నిర్మాణ రహస్యం. ఇంజనీరింగు నైపుణ్యం ఎంతటి క్రౌర్యానికైనా సాధనం కాగలదని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనం వేరొకటి అక్కరలేదు. నేడు మూడు బారులే మిగిలి ఉన్నవి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ ప్రవాస శిక్ష అనుభవించి, అనంతరం 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. జపానువారి ఆక్రమణ 1942 మార్చి నుండి 1945 వరకు సాగింది. ఆ మధ్యకాలంలో, 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశాడు.

నేటి బజారులో బెంగాలీ, తమిళం, హిందీ, మలయాళంతోపాటు మన తెలుగు కూడ ధారాళంగా వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం ద్వీపవాసులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి చేపలవేటకు, కట్టడపు పనులకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. "ఏ ఊరండీ మీది?" అనే పలకరింపు ఎదురైనప్పుడు సముద్రం దాటి వచ్చామన్న సంగతి మరపునకు వస్తుంది. వీధిలో అందరినీ కలిపేది హిందుస్తానీయే; తమ పూర్వులు ఖైదీలుగా వచ్చారని చెప్పుకొనుటకు ఇక్కడివారు సంకోచింపరు.

ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్ళదలచిన ఉద్యోగ మిత్రులకు నవంబరు నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం. జైలులో జరిగే ధ్వని-కాంతి ప్రదర్శనను అందరూ చూస్తారు. కాని కొండ దిగువన, సముద్రతీరాన అబర్డీన్ యుద్ధ స్మారకస్తంభం వద్ద ఆగేవారు తక్కువ. పిల్లలను తప్పక అక్కడికి కూడ తీసుకొనిపొండని నా మనవి. స్వాతంత్ర్యం కోసం ఇక్కడికి తేబడినవారిని స్మరించే మనం, ఇక్కడే పుట్టి ఈ నేలను కోల్పోయినవారిని విస్మరించుట న్యాయం కాదు.