పెట్టెలోని ఫొటో, పట్నములోని మెట్లు

ప్రతి గృహమందును అటుకమీదనో మంచము క్రిందనో ఒక పాత రేకుపెట్టె యుండును. సంగారెడ్డిలోని మా యింటను అట్టిది యొకటి కలదు. మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుచు దానిని దింపినప్పుడు, పట్టుచీరల యడుగున మా అత్తగారి పెద్దక్కగారి ఛాయాచిత్ర మొకటి చేతికి వచ్చినది. ఎత్తైన స్తంభములు గల మేడ యెదుట, రాతిసింహము ప్రక్కను, మెట్లమీద పదునొకండుగురు కన్యలు నిలిచి యున్నారు. పదిమంది బిగిసికొని నిలువగా ఒకతె మాత్రము నవ్వు నాపుకొనలేక నోటికి కొంగడ్డము పెట్టుకొన్నది.

అత్తగారు కండ్లద్దములు తెప్పించుకొని చూచి మువ్వురను గుర్తించిరి. తక్కిన యెనమండ్రు ఎవరు? వెనుకకు త్రిప్పితిమి. అక్కడ పేరు లేదు, తేదీ లేదు; జిగురు మరక మాత్ర మున్నది. పెద్దక్కగారు గతించి చాలకాల మైనది. అడుగుటకు మఱియొకరు లేరు.

"ఇవి కోఠీ కళాశాల మెట్లమ్మా. అక్క అక్కడనే చదివినది. ఒక్కసారి ఆ మెట్లెక్కి చూడవలెనని నాకు చిన్ననాటి కోరిక" అని అత్తగారనిరి. ఆ మాటయే మా ప్రయాణమునకు ముహూర్త మైనది. ఫొటోను నూలుగుడ్డలో చుట్టుకొని, పులిహోర మూటగట్టుకొని, అత్తగారును మేమిద్దఱు తోడికోడండ్రమును ఒక ఆదివారము తెల్లవాఱకమున్నే బయలుదేఱితిమి.

సంగారెడ్డినుండి పాతబస్తీకి సుమారు 60 కిలోమీటర్లు. ఇస్నాపురము దాటినది మొదలు బాట కిరుప్రక్కల కర్మాగారములే. పటాన్‌చెరు పేరు వినగానే నేటివారికి పొగగొట్టములును, మందుల కంపెనీలును తోచును గాని, ఈ యూరు హైదరాబాదుకంటె ఎంతో పెద్దది. అనగా వయస్సున పెద్దది. చార్మినారునకు 1591 లో పునాది పడుటకు అయిదువందల యేండ్ల మునుపే, పొట్టలకెఱె యను పేరున, ఇది చాళుక్యుల యేలుబడిలో ప్రసిద్ధ నగరము. ఈ పరిసరములలో దొరకిన జైన తీర్థంకరుల విగ్రహములు కొన్ని పట్నపు వస్తుప్రదర్శనశాలకు చేరినవి. 1972 లో ఇక్కడనే మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ వెలసినది. ఆ దశకముననే కర్మాగారములును పెరిగినవి. పనులు దొరకినవి, వాగు చెడినది. నక్కవాగు పరిసర గ్రామముల కాలుష్యమును గూర్చి 1990 లో సుప్రీముకోర్టుదాక వ్యాజ్యము పోయినది.

"ఈ వాగు నీళ్లు తేటగా నుండగా నేను చూచినాను. ఫొటో మాత్రము ఎవరును తీయలేదు" అని అత్తగారు కిటికీలోనుండి చూచుచుననిరి. ఆ మాట మాకు దినమంతయు వెన్నంటినది.

మియాపురమున మెట్రోబండి యెక్కి, ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగితిమి. కోఠీ యచ్చటికి దగ్గఱ. అనుమతి పొంది లోపలికి పోగానే, చెట్ల నడుమ తెల్లని మేడయు, మెట్లకు కావలిగా రాతిసింహములును కనబడినవి. అత్తగారు మూట విప్పి ఫొటో తీసి, ఒకసారి దానివంకను ఒకసారి మేడవంకను చూచిరి. సింహము మాఱలేదు.

ఈ మేడ కథ ఆడువారు వినదగినది. ఇంగ్లీషు కంపెనీవారి రెసిడెంటు జేమ్సు అకిలిస్ కర్క్‌పాట్రిక్ నిజాము ధనముతో 1803 ప్రాంతమున దీనిని కట్టింప నారంభించెను. అతడు ఖైరున్నిసా యను నగరపు ఉన్నతకుటుంబపు కన్యను పెండ్లాడెను. ఆమె ఘోషా స్త్రీ. ఆమెకై తోటలో రంగమహలు నిర్మింపబడినది. పెద్దమేడ ముందుభాగమును ఆమె బయటికి వచ్చి చూడ వీలులేక పోవుటచే, దాని యాకారముననే చిన్నమేడ నొకదానిని జనానాతోటలో కట్టించెనని చెప్పుకొందురు. 1805 లో వారి బిడ్డల నిద్దఱను ఇంగ్లండునకు పంపిరి. ఆ యేడే కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. తల్లి 1813 లో కన్నుమూసినది; బిడ్డలను మరల చూడలేదు. ఓడ యెక్కుటకు మునుపు మదరాసులో జార్జి చిన్నరీ యను చిత్రకారుడు ఆ పసివారి చిత్రమును వ్రాసెను. అది నేటికిని ఉన్నది.

రంగమహలును 1860 లో పడగొట్టిరి. చిన్నమేడ మిగిలినది. 1857 జూలై 17 న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీనులు జనులతో వచ్చి ఈ రెసిడెన్సీపైననే దాడి చేసిరి. తుదకు దొరలు పోయిరి. 1949 లో ఈ మేడ స్త్రీల కళాశాలకు చేరినది. 2022 లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయ మైనది. నేడు చాకలి ఐలమ్మ పేరు వహించి యున్నది. ఒక స్త్రీ బయటికి వచ్చి చూడజాలని మేడయెదుటనే, నూటయేబది యేండ్లకు, మా పెద్దక్కగారు పుస్తకములు పట్టుకొని ఫొటో తీయించుకొన్నారు. ఆ చిత్రము విలువ అప్పుడు మాకు తెలిసినది.

ఘోషా ప్రసక్తి వచ్చినది గనుక రాజా దీనదయాళుగారిని తలవకతీఱదు. ఈ నగరపు పాతరూపు నేడు మనకు తెలియుచున్నదన్న అది చాలవఱకు ఆయన చలువయే. 1844 లో మీరటు దగ్గఱి సర్ధానాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఫొటోలు తీయ నేర్చిరి. తరువాత ఆఱవ నిజాము మహబూబలీఖానుల ఆస్థానమున చేరి, 1894 లో రాజా ముసవ్విర్‌జంగు బిరుదము నందిరి. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1905 లో ఆయన గతించిరి. ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆయన చేసిన ఘనకార్య మొకటి కలదు. 1892 లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచిరి. ఎత్తైన గోడల నడుమ, పురుషుల కంటబడకుండ, స్త్రీలే వచ్చి ఫొటోలు తీయించుకొనుట కేర్పాటు. కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత దానిని నడిపెను. ఆ ఫొటోలు పరుల కొఱకు కావు. తండ్రికో, భర్తకో, తమకో. కనుకనే అవి పెట్టెలలోనే యుండిపోయినవి. నవాబులు, వేటలు, కొలువుకూటములు అచ్చయి లోకమునకు తెలిసినవి. గాజుపలకయెదుట ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ తల్లుల పేర్లు ఎన్ని పెట్టెలలో మా యెనమండ్రవలె మఱుగుపడినవో!

కోఠీనుండి అఫ్జల్‌గంజునకు పోతిమి. మూసీయొడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పాత చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28 న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దానిపై కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరదలో 15,000 మంది గతించిరని అంచనా. అఫ్జల్, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. 1578 లో కట్టిన పురానాపూలు మాత్రము దెబ్బతినియు నిలిచినది. వరద తీసిన పిమ్మట తీసిన చిత్రములను మేము చూచియుంటిమి: విఱిగిన వంతెనలు, పైకప్పు లేని గోడలు, రాళ్లమీద దిక్కుతోచక నిలిచిన మనుష్యులు. ఇప్పు డదేచోట నిలిచి చూడగా, ఎదుటి గట్టున ఎఱ్ఱని హైకోర్టు గుమ్మటములు కనబడుచున్నవి. ఆ ఘోరము పిదపనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. 1912 లో నగరాభివృద్ధి సంఘ మేర్పడినది. ఉస్మాన్‌సాగరము 1920 లోను, హిమాయత్‌సాగరము 1927 లోను పూర్తియైనవి. విన్సెంటు ఎష్ అను శిల్పి హైకోర్టును, ఆసుపత్రిని రూపించెను. ఇంత జరిగియు, నాడు నీడనిచ్చిన చెట్టునకే అత్తగారు చేతులు జోడించిరి.

అచ్చటినుండి చార్మినారు. ఇచ్చట మేమొక చిట్కా నేర్చికొంటిమి, పాఠకసోదరీమణులకును ఉపయోగించును. చార్మినారునకు నాల్గుదిక్కుల నున్న గడియారములు మొదటినుండి యున్నవి కావు. 1889 లో పెట్టినవి. కావున పాతచిత్రములో గడియారము లేకున్న అది అంతకు మునుపటిదని నిశ్చయింపవచ్చును. మూసీగట్టు చిత్రములో హైకోర్టు గుమ్మటము కనబడిన అది వరదకు పిమ్మటిది. వీథిలో మనుష్యులు పొగవలె మసకగా నున్న, నాటి ఫొటోయంత్రమునకు చాలసేపు వెలుతురు చూపవలసి యుండెననియు, కదలినవారు మసకబడిరనియు గ్రహింపవలెను. కదలనిది కట్టడము గావున అది స్పష్టముగా దిగినది. నగరచరిత్రలో రాళ్లు స్పష్టముగను, జనులు మసకగను ఉండుటకు ఇదియు నొక కారణమేమో!

సాయంకాలము చౌమహల్లా ప్రాసాదమునకు పోతిమి. కొలువుకూటపు దీపగుచ్ఛములు కన్నులకు పండువే గాని, అత్తగారు గోడలకు వ్రేలాడు పాత ఛాయాచిత్రములయొద్దనే యెక్కువసేపు నిలిచిరి. ఈ ప్రాసాదము బాగుచేయబడి నిలిచినది. 2010 లో యునెస్కోవారి పురస్కారమును పొందినది. అన్నిటికి నింత భాగ్యము లేదు. అస్మాన్‌జా కట్టించిన బషీర్‌బాగు ప్రాసాదము నేడు లేదు. పేట పేరుగా మిగిలినది. దివాన్‌దేవిడి చాలవఱకు పోయినది. బస్సులో కండక్టరు "బషీర్‌బాగ్" అని కేకవేయునప్పుడు అది యొక యింటిపేరని యెందఱికి తోచును?

తిరుగుప్రయాణమున పటాన్‌చెరు దాటునప్పటికి రాత్రియైనది. కర్మాగారముల దీపములు వరుసగా వెలుగుచుండెను. నవాబుల నగరమునకు దీనదయాళుగా రుండిరి. మన యూళ్లకు ఎవరున్నారు? వాగునీరు తేటగా నున్ననాడు ఎవరును ఫొటో తీయలేదు. చేనుగట్లు, బావిగిలకలు, కర్మాగారములో తొలిజీతము తెచ్చిన కూలితల్లి, ఇవి యన్నియు ఎవరి పెట్టెలోనో ఒకటిరెండు చిత్రములుగా ఉండవచ్చును. వాని వెనుక పేర్లు లేనిచో అవియు రేపు మసకజనులే.

ఇల్లు చేరగనే అత్తగారు పెన్సిలు తెమ్మనిరి. సిరా చిత్రమునకు దిగునని పెన్సిలే మేలట. అదియు గట్టిగా ఒత్తక వ్రాయవలెనట. ఫొటో వెనుక "కోఠీ కళాశాల మెట్లు" అని వ్రాసి, తెలిసిన మూడు పేర్లును నిలిచిన వరుసలో వ్రాసిరి. తెలియని యెనమండ్రకు ఎనిమిది గీతలు గీచి, ఖాళీ విడిచిరి. "ఎవరికైన తెలిసిననాడు నింపుదురు" అనిరి.

సోదరీమణులారా, రేపు మధ్యాహ్నము పనులు తీఱిన పిదప మీ పెట్టెయు నొకసారి దింపుడు. ఇంటి పెద్దవారిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క చిత్రము చూపి అడుగుడు. చెప్పగలవారుండగనే అడుగుడు. ఆ నవ్వాపుకొనలేని పిల్ల పేరు మాకిప్పటికిని తెలియలేదు.