బండెలా ఉంది?

కిందటి నెల అట్లాంటా నుంచి నా ఇంజనీరింగు రూమ్మేటు ఫోన్ చేశాడు. వాడికి రెండో పాప పుట్టింది, పెద్ద బండి కొనాలట. "ఒరేయ్, నీ బండెలా ఉందిరా?" అనడిగాడు. "సూపర్ రా, కళ్ళు మూసుకుని కొనెయ్" అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నావైపు ఓ చూపు చూసింది. చూడదు మరి! సరిగ్గా తొమ్మిది రోజుల ముందే ఆ సూపర్ బండికి 2,640 డాలర్ల రిపేరు బిల్లు కట్టొచ్చాను.

మరెందుకలా చెప్పాను? అప్పట్నుంచీ ఇదే బుర్ర తొలిచేస్తోంది. అందుకే ఈ టపా.

ముందు బండి కథ. 2023లో మాకు బాబు పుట్టాడు. మా అమ్మానాన్నలు, అత్తయ్యా మావయ్యా ఒక నెలపాటు డాలస్‌లో కలిసి ఉండేట్టు టిక్కెట్లు బుక్ చేశాం. పెద్దవాళ్ళు నలుగురు, మేమిద్దరం, కార్ సీట్లో బుడ్డోడు, మొత్తం ఏడుగురం. ఉన్నదేమో ఐదు సీట్ల సెడాన్. దాంతో నా కన్ను ఫుల్ సైజ్ ఎస్‌యూవీల మీద పడింది. అంటే టయోటా సెకోయా, షెవర్లే టాహో, ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ లాంటివన్నమాట. మన ఇన్నోవా వీటి పక్కన నిలబడితే చిన్న తమ్ముడిలా ఉంటుంది. కొత్తది కొనే స్తోమత లేదు, సెకండ్ హ్యాండే.

సాఫ్టువేరు వాణ్ణి కదా, వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాను. ఓనర్లు చెప్పుకున్న మంచీ చెడూ రెండు నెలలపాటు చదివి, సమస్యలన్నీ వరసగా ఎక్కించాను. చదివేకొద్దీ అర్థమైందేంటంటే, ఈ లెక్కలు కూడా మన ఆఫీసు బగ్ రిపోర్టుల్లాంటివే. ఎన్ని బగ్గులు నమోదయ్యాయో తెలుస్తుంది కానీ కోడ్‌లో ఎన్నున్నాయో తెలీదు.

ఉదాహరణకి జె.డి. పవర్ వాళ్ళు మూడేళ్ళ పాత బండ్ల మొదటి ఓనర్లని అడిగి, ప్రతి వంద బండ్లకీ ఎన్ని సమస్యలో లెక్కేస్తారు. ఆ లెక్కలో ఫోను బ్లూటూత్‌కి కలవకపోవడమూ ఒకటే, గేర్‌బాక్స్ చేతులెత్తేయడమూ ఒకటే. కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు గడిచిన పన్నెండు నెలల్లో ఏం పాడైందని తమ సభ్యులని అడిగి, ఇంజనూ గేర్‌బాక్సుల్లాంటి పెద్ద సమస్యలకి ఎక్కువ బరువిస్తారు. ఇది కొంత నయం. ఇక ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ దగ్గర ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు. కానీ అక్కడ ఫిర్యాదుల సంఖ్యని ఎన్ని బండ్లతో భాగించాలో మనమే చూసుకోవాలి. 2021లో అమెరికాలో టాహోలు లక్షకి పైగా అమ్ముడైతే, సెకోయాలు ఎనిమిది వేల చిల్లర. మరి టాహో మీద ఫిర్యాదులు ఎక్కువ కనబడవా?

ఇంకో చిక్కు, పేరు ఒకటే అయినా బండి ఒకటే కాదు. సెకోయాకి ఉన్న గట్టి పేరంతా 2022తో ఆగిపోయిన తరంలోని 5.7 లీటర్ల వి8 ఇంజనుది. ఐసీకార్స్ అనే సంస్థ 2022లో ఓడోమీటర్ల లెక్కలు తీసి, ఎక్కువ కాలం నడిచే బండ్లలో దాన్నే మొదట పెట్టింది, దాదాపు 2,96,000 మైళ్ళు అని. 2023 నుంచి వస్తున్నది రెండు టర్బోలున్న వి6 హైబ్రిడ్. తాత మంచివాడని మనవడికి పిల్లనిచ్చినట్టు, పాత ఇంజను పేరు చూసి కొత్తది కొనలేం కదా. నేను కొన్నాక వచ్చిన వార్తలు చూడండి. 2024లో టయోటాయే టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ బండ్లని లక్ష దాకా వెనక్కి పిలిచింది, వి6 ఇంజన్లలో తయారీనాటి లోహపు చెత్త మిగిలిపోయిందని. (ఆ రీకాల్‌లో సెకోయా లేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.) 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటర్స్ 6.2 లీటర్ల వి8 ఉన్న బండ్లని అమెరికాలో సుమారు ఆరు లక్షలు పిలిచింది. వాటిలో టాహోలూ ఉన్నాయి. కానీ 5.3 లీటర్ల టాహోకి ఆ రీకాల్‌తో సంబంధం లేదు. అంటే "టాహో మంచిదా?" అన్నది అసలు ప్రశ్నే కాదు. ఏ సంవత్సరం, ఏ ఇంజను అనడగాలి.

ఇక విలువ సంగతి. నాలాంటి హెచ్1బి వాడికి రీసేల్ అంటే ఊరికే లెక్క కాదు, రాత్రి నిద్ర పట్టించే విషయం. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆలోపు ఇంకో ఉద్యోగమైనా దొరకాలి, లేదా బండి అమ్మి సర్దుకోవాలి. అందుకే రీసేల్ బాగున్న బండికే మొగ్గాను. అప్పుడు తట్టని విషయం ఒకటుంది. రేపు అమ్మేటప్పుడు మంచి ధర వచ్చే బండికి ఇవాళ కొనేటప్పుడు నేనూ అంత ధర పెట్టాలి. దాని మంచి పేరుకి డబ్బులు నా దగ్గర ముందే గుంజేశారన్నమాట.

కొన్నది ఏ బండో మాత్రం చెప్పను. ఒక్క బండి చూసి కంపెనీ జాతకం చెప్పకూడదనే కదా ఇంతసేపూ మొత్తుకుంటున్నాను.

మొదటి దెబ్బ ఎయిర్‌పోర్టులోనే తగిలింది. మూడో వరస సీట్లు ఎత్తితే వెనక పెట్టెలకి చోటు లేదు. పాత సెకోయానే తీసుకోండి, మూడో వరస వెనక 19 ఘనపుటడుగుల చోటు. అదే కంపెనీ సియెన్నా మినీవ్యాన్‌లో 33. అత్తయ్యావాళ్ళు తెచ్చిన నాలుగు పెట్టెలకి వేరే క్యాబ్ మాట్లాడాను. ఆవకాయ క్యాబ్‌లో, మేం ఎస్‌యూవీలో! పెట్రోలు కూడా చూడండి. ఏడాదికి 12,000 మైళ్ళు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే, గ్యాలన్‌కి 14 మైళ్ళిచ్చే బండికీ 36 ఇచ్చే సియెన్నాకీ తేడా ఏడాదికి పదిహేను వందల డాలర్ల పైనే. మినీవ్యాన్ తీసుకుందామని మా ఆవిడ మొదట్నుంచీ అంటూనే ఉంది. "అది అంకుల్స్ బండి" అని కొట్టిపారేసింది నేనే.

రెండో దెబ్బ ఈ వేసవిలో. వెనక ఏసీ గొట్టం లీకయ్యి చల్లగాలి ఆగిపోయింది. బయట వంద డిగ్రీల పైన, వెనక సీట్లో ఏడుస్తున్న బాబు. ఎక్సెల్ షీటు తీసి చూశాను. 41వ వరసలో ఉంది: "వెనక ఏసీ లీకు, చాలామంది చెప్పారు." పక్క గడిలో నేనే రాసుకున్నాను, "చిన్న సమస్య" అని. రాసిన రోజుకి నాకింకా వెనక సీట్లో ఎవరూ లేరు. ఏది చిన్నదో ఏది పెద్దదో సర్వేలో ఉండదు, మన వెనక సీట్లో ఎవరు కూర్చున్నారన్న దాంట్లో ఉంటుంది.

ఇంత జరిగాక కూడా వాడితో "సూపర్" అన్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు. బండి బాలేదంటే, రెండు నెలలు కూర్చుని తప్పు బండి కొన్నానని ఒప్పుకోవడమే కదా. నేను రెండు నెలలు చదివిన ఓనర్లలో నాలాంటివాళ్ళు ఎంతమందో!

ఆదివారం వాడికి మళ్ళీ ఫోన్ చేశాను. బిల్లు, పెట్రోలు, పెట్టెలు అన్నీ చెప్పాను. మంచి కూడా చెప్పాను. పియర్లాండ్ మీనాక్షి గుడికి ఏడుగురం ఒకే బండిలో, నాన్న పాత ముచ్చట్లు వింటూ వెళ్ళిన ప్రయాణం మర్చిపోలేను. అంతా విని వాడన్నాడు, "మరి ఆ రోజు కళ్ళు మూసుకుని కొనెయ్యమన్నావు కదరా!" "ఆ రోజు నా బండి గురించి కాదురా, నా గురించి చెప్పుకున్నాను" అన్నాను.

మీరెవరినైనా అడిగేటప్పుడు "బండెలా ఉంది?" అనకండి. పోయినేడు దేనికి ఎంత ఖర్చయిందో అడగండి. మళ్ళీ ఇదే కొంటావా అనడగండి. కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు కూడా ఓనర్ల తృప్తిని కొలవడానికి ఇదే అడుగుతారు. రూమ్మేటు కూడా అదే అడిగాడు. "కొనను రా" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ వింటూనే ఉంది. ఏమీ అనలేదు, మహాతల్లి.